మూడో ఫోటోలో రెండు రాళ్లు

అమ్మకానికి పెట్టిన ఇళ్ల ఫోటోలు చూడటంలో జనగామలో నన్ను మించినవాళ్లు లేరు. ఈ మాట నేనే చెప్పుకోవాలి, ఇంకెవరూ చెప్పరు కాబట్టి. పదకొండేళ్లుగా అద్దె ఇంట్లో ఉంటున్నాం. ముందు గదిలో నా కుట్టు మిషన్, వెనక గదిలో నేనూ మా ఆయనా. పొద్దంతా జాకెట్లు కుడతాను, మధ్యాహ్నం అన్నం తింటూ ఫోన్‌లో ఇళ్లు చూస్తాను. ఊరికే చూస్తున్నానని మా ఆయనతో అంటాను గానీ, చూసిన ప్రతి ఇంట్లోనూ మిషన్ ఏ కిటికీ కింద పెట్టాలో ముందే నిర్ణయించేసుకుంటాను.

చూడగా చూడగా కన్ను ఆరితేరింది. గోడకు క్యాలెండర్ మోకాలి ఎత్తున వేలాడుతోందంటే దాని వెనక చెమ్మ ఉన్నట్టే. మోకాళ్ల దగ్గర తేదీలు ఎవరు చూసుకుంటారు? హాలు మరీ విశాలంగా కనపడితే, ఫోటో తీసినాయన మంచమెక్కి మూలకు అంటుకుని తీశాడని అర్థం. ఒక ఇంట్లో అయితే బీరువా అద్దంలో లుంగీతో సహా ఆయనే కనపడ్డాడు. బస్టాండుకు అయిదు నిమిషాలు అని రాస్తే, ఏ బండి మీదో అడగాలి. మూడు పడక గదులని చెప్పి, మూడు ఫోటోల్లోనూ అదే రెక్క వంగిన ఫ్యాను చూపించారంటే ఉన్నది ఒకటే గది. మా వాడకట్టులో ఎవరు ఇల్లు కొనాలన్నా ఫోన్ తెచ్చి నా ముందు పెడతారు. నేను చెబుతాను. వాళ్లు కొనుక్కుని వెళ్లిపోతారు. నేను మళ్లీ సూదిలో దారం ఎక్కించుకుంటాను.

ఇక మా చెల్లెలు. నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది. దాని మొగుడికి భూపాలపల్లి బొగ్గు గనుల్లో ఉద్యోగం, ఉండటానికి క్వార్టర్. దాని మీద నా కుళ్లు ఇవాళ్టిది కాదు. తరిగొప్పులలో మా ఇంటి వెనక చేదబావి ఉండేది. బడికి పోయేముందు పన్నెండు బొక్కెనలు తోడి పోయాలి, అది నా పని. చేంతాడు లాగీ లాగీ నా అరచేతులు కాయలు కాశాయి. చెల్లెలికి ఆ ఈడు వచ్చేసరికి ఇంట్లోకి నల్లా వచ్చింది. దాని పెళ్లిలో గోరింటాకు ఎంత ఎర్రగా పండిందోనని అందరూ దాని చేతులు తిప్పి తిప్పి చూస్తుంటే, నేను నా చేతులు కొంగు కింద పెట్టుకున్నాను. ఇరవై ఏళ్లు దాటినా ఆ మంట చల్లారలేదు.

నిరుడు ఎండాకాలం అది ఫోన్ చేసి, జనగామలో ఇల్లు కొంటున్నామని చెప్పింది. బిడ్డ చదువుకు హైదరాబాద్ పోయి రావడానికి రైలు దగ్గరవుతుందట. ఎనిమిది ఫోటోలు పంపింది. నేను చూసి సరే అంటేనే బయానా డబ్బు ఇస్తారట. ఫోటోలు తెరవగానే నా కడుపు భగ్గుమంది. వారం రోజులుగా రోజూ అన్నం తింటూ నేను చూసుకుంటున్న ఇల్లే అది. పడమటి ముఖం, వీధి వైపు రెండు కిటికీలు. ఎడమ కిటికీ కింద నా మిషన్ ఎప్పుడో పెట్టేసుకున్నాను.

వారమంతా మురిపెంగా చూశాను కాబట్టి నాకు ఏ లోపమూ కనపడలేదు. ఆ రోజు కుళ్లుతో చూశాను, వెంటనే కనపడింది. మూడో ఫోటోలో వెనకవైపు గది ఉంది. ఎదురెదురు గోడల్లోంచి రెండు రాతి కంబాలు సగం బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. గోడలకు వేసిన రంగే వాటికీ వేశారు. పైకప్పును మోసే కంబాలు పైకప్పు దాకా ఉండాలి కదా. ఇవి మనిషి ఎత్తున ఆగిపోయాయి. పెద్దగా చేసి చూస్తే ఒక్కోదానికి కొసన ఒక బెజ్జం. గిలక వేలాడదీసే ఇనుప కడ్డీ దూర్చే బెజ్జం. చేతులు కాయలు కాసిన ఎవరైనా ఆ రాళ్లను గుర్తుపడతారు. బావి నోరు మూసేసి, దాని మీదే గది కట్టారు.

ఆదివారం ఇల్లు చూడటానికి చెల్లెలు, మరిది భూపాలపల్లి నుంచి వచ్చారు. ఇంటివాళ్లు మహబూబాబాద్‌లో బిడ్డ దగ్గర ఉంటున్నారట, మధ్యవర్తి తాళం తీశాడు. వాస్తు చూసే పంతులు దిక్సూచి పట్టుకుని గది గదికీ తిరిగాడు. తలుపులు లెక్కపెట్టాడు, కిటికీలు లెక్కపెట్టాడు, అన్నీ సరి సంఖ్య అని మెచ్చుకున్నాడు. వెనక గది ఈశాన్యం మూల కాబట్టి అక్కడ బియ్యం బస్తాలూ బీరువాలూ పెట్టకండి, బరువు పనికిరాదు అన్నాడు. మా వాళ్లు ఇల్లు కొనేటప్పుడు ఎనిమిది దిక్కులూ చూస్తారు, కాళ్ల కింద ఏముందో చూడరు. నేను వెనక గదిలోకి పోయి మడమతో నేల తట్టాను. గుల్లగా మోగింది.

హాల్లోకి రాగానే చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది. "ఎట్లుందక్కా? నువ్వు చెప్పు."

అప్పుడు నా మనసులో ఏముందో దాచను. బావి సంగతి చెబితే ఇది ఈ ఇల్లు వదిలేస్తుంది. వదిలేసి ఇంతకంటే మంచిది కొంటుంది. దానికి ఎప్పుడూ ఇంతకంటే మంచిదే దొరుకుతుంది. ఎలాగూ నాకు రాని ఇల్లు, లోపమున్నదైనా దానికి దక్కనీ అనుకున్నాను. వెనక గదిలో బరువు పెట్టరు కదా, ఏమవుతుందిలే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

"మంచిగనే ఉంది. తీస్కో," అన్నాను.

గృహప్రవేశం రోజు పాలు బాగా పొంగాయి. కర్టెన్లు అన్నీ నేనే కుట్టాను. కొలతలు తీసుకుంటూ ఎడమ కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. వచ్చిన చుట్టాలందరికీ చెల్లెలు ఒకటే మాట చెప్పింది, మా అక్క చూసి సరే అన్న ఇల్లు ఇది అని. అమ్మ గోడలు నిమిరి చూసి మురిసిపోయింది. నేను భక్ష్యాలు ముట్టకుండానే విస్తరి మడిచేశాను. భయపడి కాదు. ఆ మురిపెం చూడలేక.

మరిది డ్యూటీ భూపాలపల్లిలోనే, వారానికోసారి వస్తాడు. చెల్లెలు బిడ్డతో ఇక్కడికి మారింది. వానలు మొదలయ్యాక ఒక రోజు ఫోన్ చేసి, అమ్మను తెచ్చుకున్నానని చెప్పింది. అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం. "ఈశాన్యంల బరువు వెట్టద్దన్నడు గదా పంతులు. అవ్వ ఎంత బరువుంటది? అండ్లనే మంచమేసిన," అంది.

నాకు మొదట బావి గుర్తుకు రాలేదు. అమ్మ దాని దగ్గర ఉండిపోతోందని కండ్లు మండాయి. నా అద్దె ఇంట్లో పదకొండేళ్లలో పది రోజులు ఉన్నదా అని లెక్కపెట్టుకున్నాను. ఆ తరువాతే బావి గుర్తొచ్చింది. అయినా చెప్పకుండానే ఫోన్ పెట్టేశాను. ముందే ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్పను? రెండు రోజులు ముసురు పట్టింది. చేతి కింద కుట్టు వంకర పోతోంది. మూడో రోజు పొద్దున జాకెట్టు సగంలో వదిలేసి ఆటో ఎక్కాను.

అమ్మ ఆ గదిలో మంచం మీద కూర్చుని చాటలో పెసర్లు ఏరుతోంది. మంచం ఒక కోడు కిందికి దిగి ఉంది. దాని కింద చెక్క ముక్క పెట్టారు. బండలు వేసినోడు సరిగ్గా వేయలేదని చెల్లెలు విసుక్కుంది. నేను అమ్మ రెక్క పట్టుకుని హాల్లోకి తెచ్చి కూర్చోబెట్టాను. చాట కూడా తెచ్చి ఒళ్లో పెట్టాను. ఆ తరువాత చెల్లెలితో చెప్పాను, ఆ అర్ర కింద బాయి ఉందని. అది నవ్వింది. రాళ్లు చూపించాను, బెజ్జాలు చూపించాను. నవ్వు ఆగిపోయింది.

"నీకెప్పటి సంది ఎరుక?"

"ఫోటోల చూసిన్నాడే."

"ఈ రాళ్లేందని మా ఆయన ఆ దినమే అడిగిండు. మా అక్క జూసింది, అక్కకు ఎరుక లేదా అని నేనే ఆయన నోరు మూయించిన," అంది.

"నిన్ను జూసి కండ్లు మండినయి. అందుకే చెప్పలే," అన్నాను. దానితో జీవితంలో నేను చెప్పిన మొదటి నిజం అదేనేమో. అమ్మ విన్నది. తల ఎత్తకుండా పెసర్లు ఏరుతూనే ఉంది.

మరునాడు మరిది వచ్చి మేస్త్రీని పిలిపించాడు. పైన బండలు తీస్తే కింద పెద్ద రాతి పలకలు, వాటిలో ఒకటి ఈ కొస నుంచి ఆ కొసకు పగిలి ఉంది. పగిలింది సరిగ్గా మంచం కోడు దిగిన చోటే. సందులోంచి టార్చి వేస్తే రెండు నిలువుల లోతున నీళ్లు మెరిశాయి. మేస్త్రీ వెనక్కి నడిచి గుమ్మంలో నిలబడ్డాడు. మరిది నా వైపు చూడలేదు.

ఇంతటితో చెల్లెలికి పీడ పట్టిందనుకుంటారు. లేదు. గది పైకప్పు తీయించి, బావి చుట్టూ ఒర గోడ కట్టించి, పైన తెరిచి మూసే ఇనుప జాలీ వేయించారు. పంతులు మళ్లీ దిక్సూచితో వచ్చి, ఈశాన్యంలో బావి అంటే వెతికినా దొరకని అదృష్టమన్నాడు. ఈ ఎండాకాలం ఆ వీధిలో బోర్లన్నీ ఎండిపోయినా ఆ బావి ఎండలేదు. బిందెలతో వచ్చిన ఆడవాళ్లు చెల్లెల్ని దేవతను చూసినట్టు చూశారు. ఇంట్లో లోపం కూడా దానికే కలిసి రావాలా? నాకు మళ్లీ కడుపు మండింది. కాకపోతే ఇప్పుడు చేంతాడు లాగేది అదే. దాని అరచేతుల్లో కాయలు చూశాను. సంతోషపడ్డానా అంటే, కొంచెం పడ్డాను.

నేను పోతే అన్నం పెడుతుంది, చాయ్ ఇస్తుంది, నవ్వుతూనే మాట్లాడుతుంది. ఎట్లుందక్కా అని మాత్రం దేని గురించీ అడగదు. చీర కొన్నా అడగదు.

పోయిన నెల మాకు ఒక ఇల్లు కుదిరేలా వచ్చింది. రెండు గదులే, కానీ ముందు కిటికీకి మంచి వెలుతురు. చేతిలో ఉన్నదంతా దానికే పోతుంది, తప్పు చేస్తే దిద్దుకునే వయసు కాదు మాది. ఆరు ఫోటోలు చెల్లెలికి పంపి, ఎట్లుందో చూసి చెప్పమన్నాను. నా అంతట నేను దాన్ని ఒక మాట అడగడం అదే మొదలు. గంట తరువాత ఫోన్ చేసింది.

"మంచిగనే ఉందక్కా. తీస్కో," అంది.

గొంతులో ఏ తేడా లేదు. నిజంగానే బాగుంది కాబట్టే అని ఉంటుంది. ఆ రోజు నా గొంతులోనూ ఏ తేడా లేదు. అప్పటి నుంచి అన్నం తింటూ ఆ ఆరు ఫోటోలనే పెద్దగా చేసి మూల మూలా చూస్తున్నాను. నాకు ఏమీ కనపడటం లేదు. మధ్యవర్తి రోజూ ఫోన్ చేస్తున్నాడు. బయానా ఇంకా ఇవ్వలేదు.