చంద్రుడి మీద దారి కట్టారు

బూర్గంపాడు దాటాక అడవి అంచున మూతపడ్డ కంకర క్వారీ ఒకటి ఉంది. దాన్నే మేం చంద్రుడు అనేవాళ్ళం. నేలంతా బూడిదరంగు క్రషర్ దుమ్ము, మధ్యలో ఒక గుండ్రటి డేరా. చంద్రుడి మీద మనుషులు ఎలా ఉండాలో ముందు భూమ్మీద ఉండి చూడటానికి ఒక చిన్న సంస్థ దాన్ని కట్టింది. జియాలజీలో డిగ్రీ చేసి ఖాళీగా ఉన్నాను కాబట్టి నన్ను తీసుకున్నారు. డిగ్రీ కంటే ఖాళీగా ఉన్న అనుభవమే లోపల ఎక్కువ పనికొచ్చింది.

లోపల ఇద్దరమే. కమాండర్‌ది బోనకల్, వయసులో నాకంటే చిన్నది. బయటికి రాకుండా లోపల ఉండాల్సిన గడువు పూర్తిచేస్తే ఆమెను లద్దాఖ్‌లో కట్టే పెద్ద డేరాకు తీసుకుంటారు. అంతకుముందు ఇలాంటి ఎంపికల్లో చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చింది. ఆ సంగతి ఒకే ఒక్కసారి చెప్పింది, పెసరపప్పు నానబెడుతూ. ఇంకోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు.

డేరా బయట రెండే నియమాలు: హెల్మెట్ తీయకూడదు, బయటి మనుషులతో మాట్లాడకూడదు. తప్పినవాళ్ళకు అక్కడితో ఆఖరు. దూరంగా రేకుల షెడ్డులో మా సార్ రేడియో పట్టుకుని కూర్చునేవారు. చంద్రుడికి మాట చేరడానికి సమయం పడుతుంది కాబట్టి, ఏది అడిగినా కాసేపు ఊరుకుని జవాబిచ్చేవారు. మామూలుగా కూడా ఆయన అంతేనని తర్వాత తెలిసింది.

ఒకరోజు క్వారీ చివర రాళ్ళు ఏరుకుని తిరిగొస్తుంటే బండల సందులో దారికి అడ్డంగా తాడు కనిపించింది. తాడు వెనక ఆడవాళ్ళు. భూమి పండుగ. విత్తనాలు వేసేముందు పక్క గూడెం మగవాళ్ళు వేటకు పోతారు. ఆడవాళ్ళు దారి కట్టి వచ్చేపోయేవాళ్ళను ఆపుతారు. ఏదైనా ఇచ్చుకోవాలి, లేదా కలిసి ఆడాలి. వేటకు పోయి వట్టి చేతులతో వచ్చిన మగవాడి మీద పేడనీళ్ళే. మా శిక్షణలో ఉల్కలున్నాయి, సౌర తుఫానులున్నాయి. ఇది లేదు.

"సార్, దారిలో ఆడవాళ్ళున్నారు," అంది కమాండర్ రేడియోలో.

ఆయన పద్ధతి ప్రకారం ఊరుకున్నారు. "ఎక్కడ?"

"చంద్రుడి మీదే సార్."

మళ్ళీ ఊరుకున్నారు. "మాట్లాడొద్దు."

తాడు పట్టుకున్న పెద్దామె మమ్మల్ని కిందికీ మీదికీ చూసింది. "ఏందే, తేనె తీసెటోళ్ళా గీళ్ళు?"

"తేనె ఏదే మరి? సంచి సూడు," అంది పక్కనామె. చూశారు.

"రాళ్ళు. వేటకు పోయి రాళ్ళు కొట్టుకొచ్చిండు బావ."

"పలకవేంది బావా? మూతికి గిన్నె కట్టుకుంటే మాటలు రావా?"

ఈలోగా కమాండర్ హెల్మెట్‌లో గాలి ఫ్యాను నీరసపడింది. అద్దం మీద ఆవిరి పట్టసాగింది. ఇంకాసేపైతే హెల్మెట్ తీయక తప్పదు.

"ఇప్పుడేంటి అన్నా?" అంది రేడియోలో.

"ఆడాలి."

"రూల్స్‌లో ఉందా?"

"వద్దని లేదు."

తన రాళ్ళ సంచి కూడా నా చేతికిచ్చి వెళ్ళి వరుసలో నిలబడింది. పెద్దామె కమాండర్ నడుము చుట్టూ చేయి వేయబోయి, వీపు మీది గాలిపెట్టె అడ్డమొచ్చి, భుజం పట్టుకుంది. పాట వాళ్ళ భాషలో సాగింది. కమాండర్ నోరు విప్పకుండా, అంత బరువు బూట్లతో అడుగు కలిపింది.

"మంచిగనే ఆడుతున్నది పిల్ల. పోనియ్యుండ్రి," అంది పెద్దామె. తాడు దిగింది. కమాండర్ దాటగానే లేచింది. "బావ ఆగాలె."

బకెట్ వచ్చింది.

"అక్కా, వద్దక్కా, హెల్మెట్‌కు కెమెరా ఉంది," అన్నాను.

సార్ ఈసారి ఊరుకోలేదు. "నువ్వు భూమ్మీదికి వచ్చేశావ్," అన్నారు వెంటనే. పేడనీళ్ళు ఆ తర్వాత పడ్డాయి.

దూరంగా డేరా తలుపు దగ్గర కమాండర్ ఆగింది. ఇప్పుడు నేనూ బయటి మనిషినే. "ఒక్కదాన్నే కొనసాగిస్తాను సార్," అని నాకు రేడియోలో వినపడింది. వెనక్కి చూడకుండా తలుపు వేసుకుంది.

"పిల్ల అలిగిందా బావా?" అంది పెద్దామె.

"లేదక్కా. ఆమెకు లద్దాఖ్ పోయే పనుంది."

"గట్ల చెప్పు మరి," అని, హెల్మెట్ అద్దం తుడుచుకోమని కొంగు ఇవ్వబోయి, నన్ను చూసి మానుకుంది.

గడువు చివరి రోజు డేరా తలుపు తెరుచుకుంది. లద్దాఖ్ ఖాయమని సార్ చెప్పారు. కమాండర్ తలూపి, ఆయన వెనక నిలబడ్డ నా వైపు తిరిగింది.

"అన్నా, స్నానం చేశావా?"