నేను గీయని బండి ఱ

మేముండే మోవా పేటలో పక్కింటివాళ్ళకి ఏదైనా గిన్నెలో పెట్టి పంపితే ఆ గిన్నె తిరిగి రాదు. పులిహోర సంగతి మర్నాటికి మర్చిపోతారు, గిన్నెని మాత్రం దత్తత తీసుకుంటారు. అందుకే మనవాళ్ళు స్టీలు సామాను మీద పేర్లు చెక్కిస్తారు. రాయపూర్‌లో ఆ సుఖమూ లేదు. పండరీ బజార్లో పేర్లు చెక్కేవాడికి తెలుగు రాదు. అమ్మ కాగితం మీద 'లక్ష్మి' అని రాసిస్తే దాన్ని తలకిందులుగా పట్టుకుని ఎంతో శ్రద్ధగా చెక్కి ఇచ్చాడు. ఇప్పటికీ ఆ ఒక్క గిన్నే ఎక్కడికి వెళ్ళినా మా ఇంటికి తిరిగి వస్తుంది. అది ఎవరిదో ఎవరికీ అనుమానం ఉండదు.

ఇది గిన్నెల మీద ఫిర్యాదులా ఉంది కానీ, చెప్పబోయేది వేరు.

దయ్యాలంటే నాకున్న గౌరవం, మా డిజైన్ కాలేజీ వాళ్ళు అచ్చేసే రంగుల బ్రోచర్‌లోని ఉద్యోగాల మీద ఉన్నంతే. రెండింటినీ చూసినవాళ్ళు ఉండరు, విన్నవాళ్ళే. మా చుట్టాల్లో ప్రతి ఇంటికీ ఒక దయ్యం కథ ఉంది. అన్నింట్లోనూ తెల్ల చీరే. చచ్చాక కూడా చీర మార్చుకోలేనంత దరిద్రం ఎవరికుంటుందని అడిగినందుకు ఒక పెళ్ళిలో నాకు వడ్డన ఆలస్యమైంది. నా అభిప్రాయం మారలేదు. ఇప్పటికీ మారలేదనే అనుకుంటున్నాను.

నేను చదివింది గ్రాఫిక్ డిజైన్. తెలీబంధా వైపు ఒక ప్రైవేటు కాలేజీ. ఆఖరి సెమిస్టర్‌లో ఒక్కొక్కరూ ఒక ఫాంట్ తయారు చేయాలి, అంటే కంప్యూటర్‌లో కొట్టడానికి పనికొచ్చేలా ఒక లిపిలోని అక్షరాలన్నీ మన చేత్తో గీయాలి. మా టైపోగ్రఫీ సర్‌కి పిలక, ఖాదీ కుర్తా, తీరిక ఉండేవి. "అక్షరం ఊపిరి పీల్చాలి" అనేవారు. ఎలా అని అడిగితే ఆయనే ఒకసారి పీల్చి చూపించేవారు. అందరూ ఇంగ్లీషు, హిందీ తీసుకుంటే నాకు మాత్రం మాతృభాష చేయమని సలహా ఇచ్చారు. ఆయనకి తెలుగు రాదు కాబట్టి తప్పులు కనపడవని నేనూ ఒప్పేసుకున్నాను.

నా తెలుగు సంగతి కూడా చెప్పాలి. మాది రైల్వే కుటుంబం. తాత శ్రీకాకుళం పక్కనుంచి వచ్చి ఇక్కడ వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపులో ఖలాసీగా చేరాడు, నాన్న రైల్వేలోనే గుమాస్తా. ఇంట్లో శ్రీకాకుళం తెలుగు, వీధిలో హిందీ. చదువంతా హిందీలో. తెలుగు చదవడం అమ్మ దగ్గర వారపత్రికల్లోని వంటల పేజీ మీద నేర్చుకున్నాను. అందుకే ఆవాలు, మెంతులు తడుముకోకుండా చదువుతాను. మిగతా వాటికి కాస్త టైం పడుతుంది.

మొదటి విడత గీసినప్పుడు హిందీలో పెరిగినవాళ్ళు మాత్రమే చేయగల పని చేశాను. హిందీ అక్షరాలు పైగీతకి వేలాడతాయి కదా. మన అక్షరాల మీద ఉండే తలకట్లన్నీ అలాంటి గీతే అనుకుని, వాటిని తిన్నగా సాగదీసి ఒకదానికొకటి కలిపేశాను. సర్ చూసి "వాహ్" అన్నారు. అమ్మ చూసి, "ఏటే ఇది, దండెం మీద బట్టలారేసినట్టుంది" అంది. ఇద్దరిలో ఒకరికే తెలుగు వచ్చు కాబట్టి మళ్ళీ గీశాను.

ఇది నాకు ఆట కాదు. అదే పేపర్ ఒకసారి తప్పాను. రెండోసారీ తప్పితే ఏం జరుగుతుందో నాన్న ముందే చెప్పేశారు. "దేఖో బేటా, ఈసారి పాస్ అవ్వకపోతే సీదా బ్యాంకు కోచింగ్. బొమ్మలు బంద్." ఆయన బెదిరించలేదు. కోచింగ్ సెంటర్‌వాడితో మాట్లాడి కూడా వచ్చారు. చీకటి పడేదాకా లెక్కలు చేస్తూ ఆ సెంటర్లో కూర్చున్న నా ముఖం నాకు స్పష్టంగా కనిపించింది. దయ్యాల కన్నా అది భయంకరంగా ఉంది.

పని తగ్గించుకోవడానికి దారులు వెతికాను. బండి ఱ దగ్గర ఆగాను. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను, తెలుగులో మామూలు ర కాక ఇంకో ఱ ఉంది. పక్కపక్కన రెండు చక్రాలు, అడ్డంగా ఇరుసులాంటి గీత. అందుకే బండి ఱ అంటారు. ఇప్పుడు దాదాపు ఎవరూ రాయరు. అమ్మని అడిగితే, "అది స్కూల్లో నేర్పుతారు, తరవాత అవసరం ఉండదు" అంది. చాలా చదువులకి ఆ మాట వర్తిస్తుంది. ఎక్కేవాళ్ళు లేని బండి ఎందుకని సర్వీసు రద్దు చేశాను. ఫాంట్ తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో అక్షరానికి ఒక్కో గడి ఉంటుంది. ఆ గడి ఖాళీగా వదిలేశాను. ఇది గుర్తుంచుకోండి.

జ్యూరీకి, అంటే బయటివాళ్ళు వచ్చి మా పని చూసి మార్కులేసే పరీక్షకి, ముందు రోజు మధ్యాహ్నం, నా ఫాంట్‌తో ఒక పెద్ద కాగితం మీద అచ్చు తీయడానికి పండరీ వెళ్ళాను. చీరల కొట్లకి బ్యానర్లు వేసే షాపు. నమూనా వాక్యం నేనే కల్పించాను. 'ఎర్ర గుర్రం చెరువు పక్కన నిలబడింది.' అర్థం గొప్పగా లేదని నాకూ తెలుసు. తెలీబంధా చెరువు పక్కన నిజంగానే ఒక పెళ్ళి గుర్రం నిలబడి ఉండేది, దాన్ని చూసి రాశాను.

కాగితం మెషీన్‌లోంచి నా కళ్ళముందే బయటికొచ్చింది. 'ఎఱ్ఱ గుర్రం చెరువు పక్కన నిలబడింది' అని ఉంది.

మొదటి మాటలో పైన పెద్ద బండి, కింద పిల్ల బండి. మిగతా రలన్నీ మామూలుగానే ఉన్నాయి.

నేను తెలివైనదాన్ని కాబట్టి కారణం వెంటనే తట్టింది. ఫాంట్‌లో లేని అక్షరం కొడితే కంప్యూటర్ ఇంకో ఫాంట్ నుంచి అరువు తెచ్చుకుంటుంది. కాకపోతే రెండు చిక్కులు. ఒకటి, నేను ఆ అక్షరం కొట్టలేదు. తెర మీద చూస్తే 'ఎర్ర' అనే ఉంది. రెండు, అరువు తెచ్చిన అక్షరం పంచెకట్టు పెళ్ళిలో సూటు వేసుకొచ్చినవాడిలా విడిగా కనిపించాలి. ఇది నా ఫాంట్ మందంలోనే ఉంది. ఒక్క తేడా, ఇరుసు గీత కుడిపక్క చక్రం దాటి బయటికొచ్చి, చివర కిందికి కొక్కెంలా వంగింది. అలాంటి వంపు నా ఫాంట్‌లో ఎక్కడా లేదు.

గడి తెరిచి చూశాను. ఖాళీ. మళ్ళీ అచ్చు తీయించాను. మళ్ళీ అదే. షాపువాడు విసుక్కున్నాడు. "మేడమ్, జో దియా వహీ ఛపా." నేనిచ్చిందే అచ్చయిందట. వెళ్ళి కాలేజీ ప్రింటర్ మీద తీశాను. అక్కడా అదే. క్లాసులో ఎవరైనా ఆటపట్టించారేమో అనుకోవడానికి కూడా వీల్లేదు. ఆ భవనం మొత్తం మీద తెలుగు అక్షరం గుర్తుపట్టే ప్రాణి నేనొక్కదాన్నే, నేను కూడా మెంతుల దాకానే.

మర్నాడు గోడకి అదే అంటించాను. వేరే దారి లేదు.

జ్యూరీకి హైదరాబాద్ నుంచి ఒక పెద్దావిడ వచ్చారు. తెలుగావిడ. ఆ సంగతి నాకు ఎవరూ ముందు చెప్పలేదు, చెప్పి ఉంటే జ్వరం తెచ్చుకునేదాన్ని. కాగితం ముందు నిలబడి కళ్ళజోడు సర్దుకున్నారు.

"తెలుగు ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

"ఇంట్లోనండీ."

"రైలు కిటికీలోంచి చూసి నేర్చుకున్నట్టుంది. ఒక్క అక్షరం ఆగి కనిపించదు."

సర్‌కి అర్థం కాక చిరునవ్వు నవ్వారు. పొగిడారనుకున్నట్టున్నారు. నాకు బ్యాంకు కోచింగ్ సెంటర్ ఫ్యాన్ చప్పుడు వినిపించింది.

ఆవిడ వేలు బండి ఱ మీద ఆగింది. "ఇదొక్కటి మాత్రం ఎవరో తమకోసం రాసుకున్నట్టుంది. ఇది ఎక్కడిది?"

"అది నేను గీయలేదండీ."

సర్ నవ్వేశారు. "మేడమ్, లడ్కీ బహుత్ సీధీ హై" అన్నారు, నేను మరీ అమాయకురాలినని.

"సరే. కానీ ఎఱ్ఱలో పెట్టినదానివి గుర్రంలో ఎందుకు పెట్టలేదు? చెరువులోనూ ఇదే ఉండాలి. పెడితే అన్నింట్లో పెట్టాలి, లేకపోతే మానేయాలి."

దయ్యమే అనుకున్నా, వ్యాకరణం రాని దయ్యం. ఒక్క మాటకే దాని చదువు ఆగిపోయింది.

ఆ ఒక్క అక్షరం పుణ్యమా అని పాసయ్యాను. ఆవిడ రాసిన అభిప్రాయంలో మిగతా అక్షరాల ప్రస్తావనే లేదు.

కొన్నాళ్ళకి మా మామ్మ, అంటే నాన్నకి అమ్మ, భిలాయిలో బాబాయి దగ్గర్నుంచి మా ఇంటికొచ్చింది. శుక్లాల ఆపరేషన్ అయి కొత్త కన్ను పెట్టుకుని వచ్చింది. ఆ కంటితో ఇల్లంతా తనిఖీ చేసింది. "గోడలకింత మురికున్నాదని ఇన్నాళ్ళూ నాకెవులూ సెప్పలేదేటి?" అని అమ్మని నిలదీసింది. నాన్నని చూసి, "నీకింత బట్టతలొచ్చీసిందేట్రా" అంది. నా గదిలోకి వచ్చి గోడ మీద కాగితం ముందు ఆగింది.

మామ్మకి చదువు రాదు. వేలిముద్రే. అలాంటిది ఆ అక్షరం మీద వేలు పెట్టి, "మీ తాత బండి ఇక్కడికెలగొచ్చిందే?" అంది.

నేను పుట్టకముందే పోయిన మా తాత పేరు ఎఱ్ఱయ్య. ఊళ్ళో ఎవరో పంతులు అరుగు మీద కూర్చోబెట్టి పేరు రాయడం నేర్పాడట. ఆయన చదువు అక్కడితో సరి. రైల్వే కాగితాల్లో హిందీ గుమాస్తా ఆయన పేరు 'అరైయా' అని రాశాడు. వర్క్‌షాపులో అందరికీ ఆయన అరైయానే. దాని మీద తాత ఎంత పోట్లాడినా, ఆ అక్షరం హిందీలో లేదని నవ్వేవారట. అందుకే తన అన్నం డబ్బా మీద తనే మేకుతో పేరు గీసుకున్నాడు. వరసగా పెట్టిన డబ్బాల్లో ఆయనది ఏదో గుర్తుపట్టడానికి మామ్మ ఆ రెండు చక్రాల బొమ్మ ఒక్కటీ నేర్చుకుంది.

నేను నవ్వాను. నమ్మలేదని ఆవిడకి అర్థమైంది. గుమ్మంలోంచి ఒకసారి బయటికి తొంగి చూసి, సంచీ అడుగునుంచి గుడ్డలో చుట్టిన అల్యూమినియం డబ్బా తీసింది. లోపల చుట్టలున్నాయి. చుట్ట మానేశానని కొడుకులిద్దరికీ ఒట్టేసి చెప్పిన మనిషి. అందుకే ఆ డబ్బా ఇంట్లో ఎవరి కంటా పడనివ్వలేదు. ఆ రోజు నా మొహాన కొట్టడానికి మాత్రమే తీసింది.

మూత మీద 'ఎఱ్ఱయ్య' అని గీతలు. ఇరుసు గీత చక్రం దాటి బయటికొచ్చి, డబ్బా అంచు దగ్గర మేకు జారిన చోట కిందికి వంగింది. ట్రేసింగ్ పేపర్ మీద ఎత్తి నా అచ్చుకాగితం మీద పెట్టాను. పోలిక కాదు. అదే.

చిన్నప్పుడెప్పుడో చూసుంటావని నా స్నేహితులంటారు. చూశాననే అనుకుందాం. చూసిన కళ్ళు నావి. ప్రింటర్‌వి కావు.

తరవాత నేను బుద్ధిగా ఆ డబ్బా మీది అక్షరాన్నే గీసి, ఖాళీ గడిలో పెట్టాను. నా జన్మలో అంత జాగ్రత్తగా ఏదీ గీయలేదు. ఈసారి నేనే 'ఎఱ్ఱ' అని కొట్టి, అదే షాపుకి వెళ్ళి అచ్చు తీయించాను. 'ఎర్ర' అని వచ్చింది. మళ్ళీ తీయించాను. ఎర్ర. తెర మీద బండి ఉంది, కాగితం మీద లేదు. ఆ షాపువాడు నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను.

ఎన్నో ఏళ్ళుగా ఫాంట్లు గీసే నా బతుకు గడుస్తోంది. ఆ ఫైలు ఎందరికో చూపించాను, ఎవరూ ఏమీ తేల్చలేదు. నేనూ తేల్చలేకపోయాను. దయ్యం అనడానికి నాకు నోరు రాదు, ఇంకో మాట దొరకలేదు.

బండి రాని ఆ రోజే పాత కాగితం, కొత్త కాగితం రెండూ తీసుకెళ్ళి మామ్మ ముందు పరిచాను. చోటు లేనప్పుడు తాత పిలవకుండా వచ్చాడు, ఇప్పుడు పేరు పెట్టి చోటిస్తే ఎందుకు రాలేదని అడిగాను. మామ్మ కొత్త కంటితో నన్ను కింద నుంచి పైదాకా చూసింది.

"రైల్లో పన్జేసినోడికి టిక్కెట్టిస్తే ఎక్కుతాడేటే, ఎర్రిదానా?"