చూసినవా, విన్నవా అని అడిగినాయన

గుమాస్తా సాబ్ చనిపోయారు. ఈ మాట కాగితం మీద రాశాక కూడా నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

పోయిన శుక్రవారం పొద్దున ఎనుమాముల మార్కెట్‌కు నేను నడిచి రాలేదు, ఉరుకుతూ వచ్చాననే చెప్పాలి. చేతిలో దూద్‌పేడాల డబ్బా. తెల్లవారుతుండగా దవాఖానలో మా బిడ్డకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. పెళ్లయిన ఎన్నో ఏళ్లకు, ఇక లేదనుకున్నాక మాకు పుట్టిన ఒక్కగానొక్క బిడ్డ ఇప్పుడు తానే తల్లి అయింది. నాలుగో తరగతితో బడి మానిన వాణ్ణి, ఆ సంతోషాన్ని ఎట్లా రాయాలో నాకు తెలియదు. దారిలో కనబడిన వాళ్లందరికీ చెప్పాను. రిక్షా తొక్కే అతనికి చెప్పాను, ముఖం తెలియని బండి రైతుకూ చెప్పాను. అందరికీ నోటితోనే చెప్పాను గానీ డబ్బా మూత మాత్రం తీయలేదు. మొదటి పేడా గుమాస్తా సాబ్ నోట్లో పెట్టాలని నా పట్టుదల.

గేటు దగ్గర హమాలీలు మిర్చి బస్తాల మీద కూర్చుని ఉన్నారు. బేరాలు మొదలయ్యే వేళ, అయినా ఒక్కరూ బస్తా ఎత్తడం లేదు. నన్ను చూసి ఒకతను లేచి వచ్చాడు.

"మామా, గుమాస్తా సాబ్ పోయిండే."

"యాడికి పోయిండు?"

"చచ్చిపోయిండే మామా. పొద్దుగాల తానం చేసి దోతి కట్టుకుంటాండట, గట్లనే కూలవడ్డడట."

నాకు పట్టరాని కోపం వచ్చింది. ముందురోజు సాయంత్రమే కదా ఆయన మా హోటల్లో చాయ్ తాగి, "పిల్లగాడైనా పిల్లయినా నాకే ముందుగాల చెప్పాలె తమ్మీ" అని చెప్పి పోయింది. ఆ హమాలీ భుజం పట్టి ఊపి, "చూసినవా, విన్నవా?" అని అడిగాను.

"చూసిన మామా. ఇంటికాన్నుంచే వస్తాన" అన్నాడు.

ఆ ప్రశ్న నాది కాదు. గుమాస్తా సాబ్‌ది. ఆయనను ఎరగని వాళ్లకు ఆ ప్రశ్న సంగతి చెప్పాలి.

ఆయన రైతుల సరుకు అమ్మిపెట్టే ఒక మిర్చి అడ్తి దుకాణంలో లెక్కలు రాసేవారు. మార్కెట్ ఎనుమాములకు రాకముందు ఊరి నడుమ పాత జాగాలో ఉండేది, దాని పక్కనే నా చాయ్ హోటలు. నర్సంపేట నుంచి, మరిపెడ నుంచి రైతులు సరుకు తెచ్చి బేరం అయ్యేదాకా నా బెంచీల మీదే కూర్చునేవారు. కూర్చున్న మనిషి ఊరికే ఉండడు కదా. మిర్చి ఆకు ముడుచుకుంటే ఏం చేయాలని ఒకరు అడిగితే నలుగురు చెప్పేవారు, ఆ నలుగురూ తమలో తాము కొట్లాడుకునేవారు, మధ్యలో నా గ్లాసులు పగిలేవి. ఒకనాడు గుమాస్తా సాబ్ ఒక పాత చెక్కకు నల్లరంగు పూసి తెచ్చి మా పక్కగోడకు కొట్టారు.

"అడిగేది మీద రాయాలె, చెప్పేది కింద రాయాలె. నీ గ్లాసులన్న మిగుల్తయి తమ్మీ" అన్నారు.

చదువు రానివాళ్లు చెబితే తానే రాసేవారు. జవాబు కింద మనిషి పేరు, ఊరు ఉండాలి. ఆ పక్కన మరొక్క మాట ఉండాలి: చూసింది, లేకపోతే విన్నది. నీ చేనులో నీ కళ్లతో చూసి చెబుతున్నావా, ఎవరో అనగా విని చెబుతున్నావా? విన్నది రాయవద్దని ఆయన ఎన్నడూ అనలేదు. విన్నదాన్ని చూసిందని రాస్తే మాత్రం తుడిచేసేవారు.

ఈ పని ఆయనకు ఎవరూ అప్పజెప్పలేదు. పగలు బేరాలు అయిపోయాక వచ్చి, భుజం మీది తువ్వాల తడిపి బోర్డు ముందు నిలబడేవారు. తిట్లు తుడిచేవారు, పేరు లేని జవాబులు తుడిచేవారు. నర్సంపేట రైతొకడు, మరిపెడ రైతొకడు పత్తి మందు మీద మొదలుపెట్టి ఒకరి ఇంటివాళ్లను ఒకరు తిట్టుకునేదాకా రాసుకున్నారు. తెల్లారి వచ్చి చూస్తే ఇద్దరి జవాబులూ ఉన్నాయి, తిట్లు లేవు. ఇద్దరూ కలిసి ఆయన మీదికి వచ్చారు.

"మేం రాసింది తుడువనీకి నువ్వెవరివి?"

"మీరిద్దరు ఒక్కటైండ్రు గద, సాలు. చాయ్ తాగుండ్రి" అన్నారు.

మిర్చి ముడత ప్రశ్న రోజూ ఎవరో ఒకరు అడిగేవారు. పాతవాళ్లకు విసుగు పుట్టి, "నిన్న రాసింది కండ్లవడలేదా?" అని కొత్తవాణ్ణి ఎగతాళి చేసేవారు. సాబ్ ఆ ఎగతాళిని తుడిచి, జవాబు మళ్లీ మొదటి నుంచి రాసేవారు. "నిన్న వచ్చినోనికి నిన్న చెప్పినం. ఈయన ఇయ్యాల వచ్చిండు" అనేవారు. ఆ మాట నాకు చాలా ఇష్టం. ఇప్పటికీ హోటలుకు వచ్చిన వాళ్లమీద విసుగు పుట్టినప్పుడు లోపల అనుకుంటాను.

ఆయన సొంత బామ్మర్ది పురుగుమందుల దుకాణం పెట్టి, అడిగిన ప్రతి ప్రశ్నకూ తన దగ్గరి డబ్బా పేరే జవాబుగా రాయడం మొదలుపెట్టాడు. దాన్నీ తుడిచారు.

"ఇంట్ల ఏమన్నదే సాబ్ వదినె?" అని అడిగాను.

"ఏమంటది, కూరల ఉప్పెయ్యలే" అన్నారు.

ఒకసారి మనసు విరిగి కొన్నాళ్లు రాలేదు. నాకేం పట్టింది, జీతమా భత్తెమా అని కూర్చున్నారట. ఆ కొన్నాళ్లలో బోర్డు పాడుబడ్డ గోడ లెక్క అయింది. ఎలక్షన్ల కూతలు, ఆడవాళ్ల ముందు చదవలేని మాటలు, రేపు ధర పడిపోతుందని ఎవడో పుట్టించిన పుకారు. ఆ పుకారు నమ్మి ఒక ముసలాయన సరుకును అగ్గువకే ఇచ్చి ఏడ్చుకుంటూ బండి కట్టాడు. అది విని సాబ్ మరునాడు వచ్చారు. ఎవరినీ ఏమీ అనలేదు. తువ్వాల తడిపారు.

ఇక మా బిడ్డ సంగతి. అందుకోసమే ఇదంతా రాస్తున్నాను.

అప్పుడు అది రెండో తరగతి. హోటలు వెనక ఆడుకుంటుంటే కుక్క పిక్క మీద కరిచింది. పెద్ద గాయం కాదు, పళ్ల గుర్తులు, కాస్త నెత్తురు. మా ఇంటావిడ కడిగింది. పిల్ల కాసేపు ఏడ్చి మళ్లీ ఆటకు పోయింది. మరునాడు, అందరూ అడుగుతారు గదా నేనూ అడుగుదామని బోర్డు మీద రాశాను: పిల్లను కుక్క కరిచింది, ఏం చేయాలె?

మధ్యాహ్నానికి బోర్డు నిండింది. పచ్చికారం దట్టించి కట్టాలి, విషం గుంజుతుంది. ఒకరు కాదు, అందరిదీ అదే మాట. మిర్చి మార్కెట్ మనుషులం కదా, కారం మీద మాకు ఎంత నమ్మకమో. ఎక్కడి కారం మంచిదో కూడా రాశారు. ఇంకొకరు పిల్లకు ఏడు బావులు చూపిస్తే విషం దిగుతుందన్నారు. గుమాస్తా సాబ్ దుకాణం యజమాని, ఆ సేటు కూడా స్వయంగా వచ్చి, కారమే మందు అని రాసి పేరు పెట్టాడు. సేటు రాశాక ఇంకా అనుమానమేముంది? మా ఇంటావిడ కొత్త కారం గిన్నెలో తెచ్చింది. నేను పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుని కాలు గట్టిగా పట్టుకున్నాను. దానికి భయమై చూస్తోంది.

అప్పుడు సాబ్ వచ్చారు. బోర్డు మొత్తం చదివారు. అక్కడున్న వాళ్లను ఒక్కొక్కరినే అడిగారు.

"నువ్వు చూసినవా, విన్నవా?"

"విన్న సాబ్, మా తాత చెప్పంగ."

"నువ్వు?"

"అందరంటరు గద సాబ్."

"కారం పెట్టినంక ఏమైందో ఎవరన్న కండ్లార చూసిండ్రా?"

 అప్పుడు యార్డులో రాలిన మిరపకాయలు ఊడ్చే ఆమె, చీపురు పట్టుకుని ఎండలో నిలబడ్డ ఆమె, "నేను చూసిన అయ్యా" అంది. ఎన్నడూ బోర్డు దగ్గరికి రాని మనిషి. "మా ఇంటాయనకు గట్లనే కారం కట్టిండ్రు. పుండు మానింది. మానినంక కొన్నొద్దులకు నీళ్లు చూస్తే ఉలికిపడుడు మొదలువెట్టిండు. గుక్కెడు నీళ్లు తాగకనే పోయిండు." అంతే చెప్పి మళ్లీ ఊడ్చుకోవడానికి పోయింది.

సాబ్ తువ్వాల తడిపి బోర్డంతా తుడిచారు. పై నుంచి కింది దాకా. చుట్టూ ఉన్నవాళ్లు లేచారు.

"మా తాతలు పిచ్చోళ్లా?"

"సేటు రాసింది గూడ తుడిచినవ్ సాబ్. నౌకరిల ఉంచుతడా నిన్ను?"

"ఉంచకపోతె ఇంకోకాడ రాసుకుంట. దాని ఫికర్ నాది" అన్నారు. ఆమె చెప్పిన మాట ఒక్కటే పెద్ద అక్షరాలతో రాసి, చివర చూసింది అని పెట్టారు. తరువాత నా దగ్గరికి వచ్చి గిన్నె తీసి పక్కన పెట్టారు. "తమ్మీ, నాకు మందు తెల్వది. నేనేం డాక్టర్ను కాదు. గీమె చూసింది, వాళ్లు వినిండ్రు. గంతే నాకు తెలిసింది. లే, దవాఖానకు పోదాం."

నాతోపాటు రిక్షా ఎక్కారు. బొడ్డు చుట్టూ సూదులు. రోజూ పిల్ల ఏడుపు వినలేక నేను బయటికి వచ్చేవాణ్ణి, ఆయన లోపల దాని చేయి పట్టుకుని కూర్చునేవారు. "పెద్దనాయినా, ఇంక చాలనరాదే" అని అది బతిమాలేది. "నేననను బిడ్డా, నన్ను తిట్టు" అనేవారు. అది తిట్టేది. ఆ తిట్లన్నీ ఆయన నవ్వుతూ పడ్డారు.

సూదులు అయిపోయిన కొన్నాళ్లకు, మాకు పాలు పోసే ఆయన దూడ నోట నురగ కక్కుతూ చచ్చిపోయింది. అదే కుక్క దాన్నీ కరిచిందట. దానికి కారం కట్టారు. ఆ కబురు విని పొయ్యి ముందు అట్లాగే కూర్చుండిపోయాను, పాలు పొంగి మంట ఆరిపోయింది. ఆ సీజనంతా సాబ్‌తో మాట్లాడని సేటు, దూడ సంగతి విని మా హోటలుకు వచ్చాడు. చాయ్ తాగి, చాక్‌పీస్ తీసుకుని, తన మోకాళ్ల నొప్పికి ఏం చేయాలో బోర్డు మీద అడిగి పోయాడు. సాబ్ దాని కింద, చూసినోళ్లే చెప్పండ్రి అని రాశారు.

మార్కెట్‌తో పాటు నా హోటలూ ఇక్కడికి మారినప్పుడు సామాను బండి మీద బోర్డు పగులుతుందని, దాన్ని ఒళ్లో పెట్టుకుని రిక్షాలో వచ్చారు. మా బిడ్డ పెళ్లిలో అల్లుణ్ణి పక్కకు పిలిచి ఏమో మాట్లాడారు. ఏమన్నారని అడిగితే, "నీ గురించి మంచోనివని విన్న, ఇంక చూడాలె అన్న" అని చెప్పారు.

అటువంటి మనిషి ఆ శుక్రవారం ఇంటి ముందు చాప మీద ఉన్నారు. నేను పోయి నిలబడ్డాను. ఏడుపు కూడా రాలేదు, ఏదో పొరపాటు జరిగింది, ఎవరైనా సరిచేస్తారు అన్నట్టు చూస్తున్నాను. వదిన నా చేతికేసి చూసింది.

"తమ్మీ, ఆ డబ్బేంది?"

పేడాల డబ్బా చేతిలోనే ఉందని నాకప్పుడే తెలిసింది. చావింటికి మిఠాయి తెచ్చినవాణ్ణి.  ఎట్లాగో, "బిడ్డకు ఆడపిల్ల వదినా" అన్నాను.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు చాటు నుంచే, "రాత్రి పండుకునేటప్పుడు గూడ కబురచ్చిందా అనే అడిగిండు. నువ్వే చెప్పు, చెవుల చెప్పు" అంది.

వంగాను. చెవి వెనక స్నానం చేసిన తడి ఇంకా ఆరలేదు. "సాబ్, ఆడపిల్ల. ఇద్దరు మంచిగున్నరు. నేను చూసిన" అని చెప్పాను. ఆయన మారు మాట్లాడకపోవడం, ఇన్నేళ్లలో అదే మొదటిసారి.

కాష్ఠం దగ్గరి నుంచి వచ్చి, స్నానం చేసి దవాఖానకు పోయాను. చావు నుంచి వచ్చినవాళ్లు పురిటి బిడ్డ దగ్గరికి పోకూడదు కాబట్టి వరండాలో కిటికీ బయటే నిలబడ్డాను. బాలింతకు అప్పుడే చెప్పవద్దని మా ఇంటావిడ మాట తీసుకుంది. నేను చెప్పలేదు. మా బిడ్డ తల తిప్పి చూసింది. పొద్దున మనుమరాల్ని చేతుల్లోంచి దింపని ముసలివాడు ఇప్పుడు లోపలికి రాకుండా తడి తలతో కిటికీ పట్టుకుని నిలబడ్డాడు. పెద్దనాయిన ఇంకా రాలేదేమని గానీ, ఎవరు పోయారని గానీ అడగలేదు అది. నా ముఖమే చూస్తూ ఉంది.

పసిది దాని పొట్ట మీద బోర్లా నిద్రపోతోంది. తల్లి ఊపిరి తీసినప్పుడల్లా పైకి లేస్తోంది, దిగుతోంది. మా బిడ్డ కళ్ల నుంచి నీళ్లు రెండు చెవుల మీదుగా దిండులోకి కారుతున్నాయి. పిల్ల నిద్ర చెదరకూడదని, కొంచెమైనా కదలకుండా ఏడుస్తోంది.