కన్నతల్లిని సహోదరి అన్న ప్రార్థన

నాకు అక్షరాలు నేర్పింది మా మనవరాలు. ఆర్మూర్ మార్కెట్‌లో పసుపు ఏరి వచ్చిన చేతులతో పలక పడితే పలకంతా పచ్చగయ్యేది. అప్పుడది ఏడో తరగతి. "నానమ్మా, 'క'కు తలకట్టు పెట్టలే, బోడిగుండు చేసినవ్" అని నవ్వేది.

మేం చర్చికి పోయేవాళ్లం. కూడబలుక్కొని చదవడం వచ్చినాక బైబిలు తెరిచాను. ఒకచోట దేవుడు మనిషి కొమ్మును పైకెత్తాడని ఉంది. నేను పసుపు కొమ్మే అనుకున్నాను. రోజూ మా చేతుల్లో మెదిలే కొమ్మును దేవుడు కూడా పట్టుకున్నాడని ఎంత సంబరపడ్డానో. మనవరాలు పడీ పడీ నవ్వింది.

"అది ఎద్దు కొమ్ము నానమ్మా."

"ఎద్దు కొమ్మును దేవుడెందుకు లేపుతడే?"

అది నవ్వు ఆపింది. "అవును, ఎందుకు లేపుతడు?" అన్నం తింటూ అడిగింది, నీళ్లు మోస్తూ అడిగింది, ఆదివారం పాస్టరయ్యను ఆపి మరీ అడిగింది. ఆయన చెప్పింది దానికి నచ్చలేదు. అట్లా వదలకుండా అడుగుతుంటే, చదువంటే ఇదే కాబోలు అనుకునేదాన్ని.

ఇప్పుడది యూనివర్సిటీలో ఎం.ఏ. చదువుతోంది. సెలవులకు ఇంటికి వస్తుంది. ఏదన్నా అడిగితే నా మాట పూర్తికాకముందే ఫోన్‌ను అడిగి జవాబు చదివి వినిపిస్తుంది. మంచి జవాబే. అది విన్నాక మేం మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు. సారు రాయమన్న వ్యాసాలు కూడా ఫోనే రాస్తుందట. "అందరు గట్లనే రాస్తరు నానమ్మా. సార్లకు గూడ ఎరుకే."

మొన్న మా కోడలికి, అంటే దాని తల్లికి, గర్భసంచి ఆపరేషన్ అన్నారు. తెల్లారితే దవాఖానకు పోవాలనగా సాయంత్రం చర్చి వాళ్లు మా ఇంట్లో ప్రార్థన పెట్టారు. కోడలు బాగా భయపడింది. "అత్తమ్మా, ఎవరు చేసినా చెయ్యకున్నా, నా బిడ్డ నోటెంట ఒక్క ప్రార్థన వింటే ధైర్యంగ పోత" అని పొద్దుటి నుంచి అంటూనే ఉంది. మా ఇంటి ప్రార్థనల్లో ఎవరి మాటలు వాళ్లవే. తడబడినా, ఏడ్చినా, ఎవరికి వాళ్లే దేవుణ్ణి అడగాలి.

మనవరాలి వంతు వచ్చింది. అందరం కళ్లు మూసుకున్నాం.

"కృపగల తండ్రీ, రోగశయ్యపై ఉన్న ఈ సహోదరిని నీ హస్తముతో తాకుము. ఈమె కుటుంబమునకు నిబ్బరము దయచేయుము..."

నేను కళ్లు తెరిచాను. దాని చేతిలో ఫోన్ వెలుగుతోంది. కన్నతల్లిని సహోదరి అంది. ఆ కుటుంబంలో తను లేనట్టు, ఈమె కుటుంబం అంది. అందరూ గట్టిగా ఆమెన్ అన్నారు. "చదువుకున్న పిల్ల, ఎంత మంచిగ చేసింది" అంది పక్కింటావిడ.

వాళ్లు పోయినాక కోడలు నవ్వబోయింది. "నేను నీకు సహోదరినెప్పుడైతినే? గట్లయితే ఇంట్ల సగం పని నీదే ఇగ."

పిల్ల నాలుక కరుచుకుంది. "అయ్యో, అమ్మ అని పెట్టమని చెప్పుడు మర్చిపోయిన. ఉండు, మార్పిస్త."

"మార్పియ్యకు బిడ్డా. అది పక్కకు పెట్టి, నీకు తోచింది రెండు మాటలు చెప్పు" అంది కోడలు.

ఫోన్ మంచం మీద పెట్టింది. తల్లి చెయ్యి పట్టుకొని కళ్లు మూసుకుంది. "దేవా" అంది. కొంచెం ఆగి మళ్లీ "దేవా" అంది. కళ్లు తెరిచి మంచం మీది ఫోన్ దిక్కు చూసింది. దానికి తల్లి మీద ప్రేమ లేదంటే నేను ఒప్పుకోను. వచ్చినప్పటి నుంచి తల్లిని ఒక్క గిన్నె ముట్టనివ్వలేదు.

"నాకేం వస్తలేదు నానమ్మా. నువ్వు చెయ్యి."

చేశాను. "దేవా, దీనికి సూదంటేనే భయం. మత్తిచ్చేటప్పుడు జర పక్కన కూసో" అన్నాను. కోడలు ఏడ్చింది. మనవరాలూ ఏడ్చింది. అది ఏడవడం చూసి నాకు కొంచెం ఆశ కలిగింది.

కళ్లు తుడుచుకొని అది ఫోన్ అందుకుంది. "మస్తు చెప్పినవ్ నానమ్మా. మళ్లొకసారి చెప్పవా, రికార్డ్ చేసుకుంట. రేపు లోపటికి తీస్కపోయేటప్పుడు అమ్మకు వినిపిస్త."

కోడలు నా దిక్కు చూసింది. రేపు ఆపరేషన్ గది తలుపు దగ్గర కూడా బిడ్డ నోట మాట వినబడదని ఆమెకు అర్థమైంది. సరే చెప్పమన్నట్టు తలూపింది.

మళ్లీ మొదలుపెట్టాను. సగంలో నాకూ మాట ఆగిపోయింది.

"గంత చాలు నానమ్మా" అంది మనవరాలు. "మిగతాది నేను ఫోన్‌తోని సెట్ చేస్త."