పట్టాభిరామయ్యగారు దారి అడిగారు

పట్టాభిరామయ్యగారు దారి అడగకుండా నాలుగు వందల అడుగులు వేయలేరు. తెలియని దారైతే అడుగుతారు. తెలిసిన దారైతే ఇంకా ఎక్కువ అడుగుతారు.

మణికొండలో మా వీధి చివర ఒక మందుల షాపు ఉంది. భార్య జయలక్ష్మిగారితో సాయంత్రం నడకకి బయల్దేరినప్పుడల్లా ఆయన ఆ షాపుకి దారెటని మా వాచ్‌మన్ రవీందర్‌ని అడిగేవారు. వరసగా నాలుగు రోజులు అడిగారు. ఐదో రోజు ఆయన కనపడగానే రవీందర్, "సీదా పోయి ఎడమకు మలగండ్రి సార్," అనేశాడు. ఆయన నొచ్చుకున్నారు.

"నేనింకా అడగలేదు కదయ్యా."

"రోజూ అదే కద సార్ అడుగుతరు."

"నిన్నటి సంగతి నిన్న. ఎడమ అంటే నీ ఎడమా, నా ఎడమా?"

"ఇద్దరం ఒక్క దిక్కే చూస్తున్నం సార్."

"అయితే ఇద్దరి ఎడమా ఒకటే అంటావు," అని ఆయన తీరిగ్గా ఆలోచనలో పడ్డారు. జయలక్ష్మిగారు గేటు ఊచ పట్టుకుని, ఈయన ఎవరో తనకి తెలియనట్టు ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డారు.

ఇంతకీ ఈయన కాకినాడ సర్వే ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు పటాలు గీసి రిటైరైన మనిషి. జిల్లాలో ఏ కాలవ ఎక్కడ వంపు తిరుగుతుందో చేత్తో గీసి సర్కారుకి చూపించారు. అంతటివాడికి మా వీధి చివర దొరకలేదు.

వాళ్లు మా ఎదురు ఫ్లాటులో కూతురి దగ్గరకి వచ్చి ఏడాదయింది. జయలక్ష్మిగారి మోకాలి ఆపరేషన్ కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆవిడ ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా పనిచేశారు. మెడలో ఈల లేదన్న మాటేగానీ ఇప్పటికీ ఆవిడ గొంతు వింటే మా లిఫ్టు దగ్గర పిల్లలు వరసలో నిలబడతారు. అలాంటి ఆవిడకి మూసాపేట మెట్రో మెట్ల మీద ఎవరో కుర్రాడు చెయ్యి అందించి, "మామ్మగారూ, కాస్త కూర్చోండి," అన్నాడట. అంతే, నలభై రోజులు ఇల్లు కదల్లేదు. నడవకపోతే కొత్త మోకాలు బిగుసుకుపోతుందని, ఆ తర్వాత చక్రాల కుర్చీయే గతి అని డాక్టరు కోప్పడ్డాక, వీధి చివరిదాకా సాయంత్రం నడక ఒప్పుకున్నారు. ఆ తర్వాత ఒక శనివారం పొద్దున మా తలుపు కొట్టారు.

"అమ్మాయ్ నవ్యా, సైబర్ టవర్స్ నుంచి కేబుల్ బ్రిడ్జి దాకా అన్నీ చూస్తూ నడుద్దామనుకుంటున్నాం. నువ్వక్కడే కదా పనిచేసేది, తోడు రా. ముందే చెబుతున్నా, మధ్యలో ఎక్కడైనా నేను కూర్చోవాల్సొచ్చినా, ఎవరైనా నా చెయ్యి పట్టుకోవాల్సొచ్చినా, అదే ఆఖరు. ఇహ బాల్కనీలో కుర్చీ వేయించుకుని మీ అందర్నీ చూస్తూ బతుకుతా."

ఆవిడ అన్నదంటే చేస్తుంది. ఆవిడ వెనక నిలబడ్డ పట్టాభిరామయ్యగారు, "అమ్మాయ్, సైబర్ టవర్స్‌కి దారెటు?" అని అడిగారు.

నిజం చెప్పాలంటే నాకూ తెలియదు. ప్రొద్దుటూరు నుంచి వచ్చి ఎనిమిదేళ్లుగా అక్కడే ఉద్యోగం చేస్తున్నాను. కానీ క్యాబ్ నన్ను ఇంటి దగ్గర ఎక్కించుకుని ఆఫీసు సెల్లారులో దింపుతుంది. మధ్యలో ఏముందో క్యాబ్ డ్రైవరుకి తెలుసు. అయినా ఫోన్ ఉంది కదా అని బయల్దేరాను. నాది ఏ పని ఎన్ని గంటల్లో తేలాలో ముందే రాసిచ్చే ఉద్యోగం. తొమ్మిదింటికి మొదలుపెడితే పదకొండింటికి బ్రిడ్జి అని రాసుకున్నాను.

సైబర్ టవర్స్ దగ్గర ఆటో దిగాం. జయలక్ష్మిగారు నడుం మీద చేతులు పెట్టుకుని తలెత్తి చూశారు.

"గుండ్రంగా ఉంది. సరే, పదండి."

మేం కదలకముందే పట్టాభిరామయ్యగారు మెడలో ట్యాగు వేలాడుతున్న ఒక అబ్బాయిని పట్టుకున్నారు. శిల్పారామం ఎటని అడిగారు. శిల్పారామం బోర్డు నాకు కనిపిస్తూనే ఉంది. అబ్బాయి ఫోన్ తీశాడు.

"ఫోన్ వద్దు నాయనా. నోటితో చెప్పు."

"నాకు తెలీదండి. ఆరేళ్ల నుంచి ఇక్కడే పనిచేస్తున్నాను గానీ, ఎప్పుడూ చూళ్లేదు."

"ఆరేళ్లా," అని పట్టాభిరామయ్యగారు వాడి భుజం మీద చెయ్యి వేశారు. "ఏ ఊరు మీది? అన్నం ఎక్కడ తింటావు?"

వాడిది అమలాపురం. నిజాంపేట హాస్టల్లో తింటాడు. సాంబారు బాగుండదు. ఈ సమాచారమంతా మాకు శిల్పారామం చేరడానికి ఏ రకంగానూ పనికి రాలేదు. జయలక్ష్మిగారు పక్కనున్న గోడకి ఆనుకుని, "ఈయనతో ఇంతే," అని నాతో అన్నారు.

తర్వాత అర్థమైంది, ఆయన అడగడానికి ఒక పద్ధతి ఉంది. దారి తెలిసినవాడి మొహం ఆయనకి గిట్టదు. ట్రాఫిక్ పోలీసుని వదిలేసి, ఆ పోలీసుని దారి అడుగుతున్న మనిషిని అడిగేవారు. ఎండలో నిలబడ్డవాణ్ని అడగరు. నీడలో, ఏ గోడ పక్కనో రెయిలింగు పక్కనో ఉన్నవాడికే దారి తెలుస్తుందని ఆయన నమ్మకం. ఒకాయన మర్యాదగా "నేరుగా వెళ్లండి" అని రెండు మాటల్లో తేల్చేస్తే, పట్టాభిరామయ్యగారికి కోపం వచ్చింది.

"ఇదేం చెప్పడం? దారి చెబుతున్నాడా, తంతి కొడుతున్నాడా?" అని గొణుగుతూ, పక్కనే కొబ్బరిబోండాలాయన దగ్గరకి వెళ్లి అదే ప్రశ్న మళ్లీ మొదట్నుంచి అడిగారు.

శిల్పారామంలో చెట్లకింద చక్కటి బెంచీలున్నాయి. జయలక్ష్మిగారు వాటివైపు, బూట్లు లేకుండా డ్రిల్లుకొచ్చిన పిల్లని చూసినట్టు చూసి ముందుకి నడిచారు. పట్టాభిరామయ్యగారు కుండలు అమ్మే ఆవిడని బయటికి దారి అడిగారు. ఆవిడ చెప్పింది. కుండలు ఎలా కాలుస్తారో కూడా ఆయన అడిగారు గనక అదీ చెప్పింది. జయలక్ష్మిగారు ఆ బల్ల మీద చెయ్యి ఆనించుకుని ఒక్కో మూకుడూ తట్టి చూశారు.

పదకొండయ్యేసరికి మేం బ్రిడ్జి మీద ఉండాలి. ఇంకా మైండ్‌స్పేస్ ఆఫీసుల దగ్గరే ఉన్నాం. అప్పటికి ఆయన అడిగినవాళ్లు పద్నాలుగు మంది. ఎండ నెత్తికెక్కుతోంది. నా ఓపిక అయిపోయింది.

"అంకుల్, ఏంటికి ఇంతమందిని అడగడం? ఇట్లా నిలబడి నిలబడి ఆంటీకి కాళ్లు నొప్పులొస్తాయి. ఇక్కడి నుంచి దారి నేను చెప్తాను. ఎవర్నీ అడగొద్దు."

ఆయన నావైపు చూశారు, ఆవిడవైపు చూశారు. "సరేనమ్మా," అన్నారు.

నేను ఫోన్ పట్టుకుని ముందు నడిచాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఎవరి ఊరూ తెలుసుకోకుండా, ఎవరి సాంబారూ వినకుండా, పన్నెండు నిమిషాలు గడగడా నడిచాం. దారి కాస్త ఎత్తు కూడా. ఇదీ నడక అంటే అనుకుని గర్వంగా వెనక్కి తిరిగాను.

జయలక్ష్మిగారి పెదవులు తెల్లబడి ఉన్నాయి. ఎడమ చెయ్యి గాలిలో దేనికోసమో వెతుకుతోంది. చేతికందే దూరంలో గోడ గానీ రెయిలింగు గానీ లేవు. పదడుగుల అవతల ఒక ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ యూనిఫారంలో ఉన్న ఒకామె ఇది చూసి, తన ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని పరుగున వచ్చింది. చొక్కా మీద యాదమ్మ అని పేరుంది.

"అమ్మా, పానం మంచిగ లేనట్టున్నది. జర కూసోండ్రి."

కూర్చుంటే అదే ఆఖరు. కూర్చోకపోతే పడిపోతారు. జయలక్ష్మిగారు ఆ కుర్చీవైపు చూశారు. ఆ చూపులో బాల్కనీ నాకు కనిపించింది.

అప్పుడు పట్టాభిరామయ్యగారు మధ్యలోకి వచ్చి, "కుర్చీ తెచ్చావా తల్లీ, చల్లగా ఉండాలి నువ్వు," అని తానే అందులో చతికిలబడ్డారు. "కేబుల్ బ్రిడ్జికి దారెటమ్మా?"

"నాకెర్క లేదు సార్. మాది నారాయణపేట దిక్కు. కొత్తగ వచ్చిన."

ఆయన మొహం వెలిగిపోయింది. "నారాయణపేటా? చీరల ఊరు కదూ. చెప్పు, చెప్పు."

"సిగ్గులేదూ మీకు?" అన్నారు జయలక్ష్మిగారు, ఎలాగో ఆ పదడుగులూ నడిచి గేటు స్తంభానికి వీపు ఆనిస్తూ. "ఈ మాత్రం నడవలేక ఆడమనిషి కుర్చీ లాక్కుంటారా?"

"ముసలాణ్ని కదే," అన్నారాయన.

యాదమ్మ చెబుతూ ఉంది. ఆయన అడుగుతూ ఉన్నారు. మగ్గాలయ్యాయి, వానలయ్యాయి, ఆమె కూతురు చదువు అయింది. నేను సిగ్గుతో జయలక్ష్మిగారి పక్కన నిలబడ్డాను. ఆవిడ ఊపిరి మెల్లగా సర్దుకుంది. మొహంలోకి రంగు వచ్చాక, నావైపు తిరక్కుండానే గొంతు తగ్గించి అన్నారు.

"ముప్పై తొమ్మిదేళ్ల కాపురంలో ఈ మనిషి ఎవర్నీ దారి అడిగి ఎరగడు అమ్మాయ్. పటాలు గీసేవాణ్ని, నేను అడగడమేమిటనేవాడు. రాజమండ్రిలో ఒక పెళ్లికెళ్లి, వేరేవాళ్ల పెళ్లిలో అక్షింతలు వేసి, భోంచేసి వచ్చాం. తర్వాత తెలిసినా నోరు విప్పలేదు. ఈ అడగడాలన్నీ ఈ మోకాలు వచ్చాకే. ఒక్కడే వెళ్లినప్పుడు ఎవర్నైనా అడగ్గా నువ్వు చూశావా?"

ఆలోచించాను. చూడలేదు. ఏడాదిగా నేను నలుగురికీ చెప్పి నవ్వించిన కథలన్నిట్లోనూ పక్కన ఈవిడ ఉన్నారు.

"మీకు తెలుసని అంకుల్‌కి తెలుసా?"

"తెలిస్తే మానేస్తాడు. మానేస్తే నేను ఆగను. ఆగకపోతే పడతాను. అందుకని విసుక్కుంటూ ఉంటాను. విసుగు బాగానే నమ్ముతాడు."

నేను ఫోన్ సంచిలో వేసేశాను. కాస్త దూరం వెళ్లాక, "అంకుల్, నాకూ దారి తెలీట్లేదు. ఎవర్నన్నా అడగండి," అన్నాను. ఆయన నా తల నిమిరి, వెంటనే ఇనార్బిట్ మాల్ ముందు నీడలో ఐస్‌క్రీం తింటున్న ఒక కుటుంబం దగ్గరకి బయల్దేరారు. వాళ్లు ఆదిలాబాద్ నుంచి ఆ పొద్దునే దిగారట. అంతకంటే మంచివాళ్లు దొరకరు.

ఒంటిగంటకి కేబుల్ బ్రిడ్జి ఎక్కాం. ఆవిడ ఎక్కడా కూర్చోలేదు, ఎవరూ ఆవిడ చెయ్యి పట్టుకోలేదు. కింద దుర్గం చెరువు మెరుస్తోంది, పైన తీగలు. జయలక్ష్మిగారు విద్యార్థినుల్ని ముందుండి నడిపిస్తున్నట్టు చేతులూపుకుంటూ నడుస్తున్నారు. బ్రిడ్జి నడిమధ్యకి వచ్చాక ఆవిడ ఉన్నట్టుండి వెనక్కి తిరిగి చూశారు.

పట్టాభిరామయ్యగారు వెనకబడ్డారు. చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. పొద్దుట్నుంచీ ఆవిడ ఆగిన ప్రతిచోటా ఆయన నిలబడి మాట్లాడుతూనే ఉన్నారు. కూర్చున్నది ఆ ఒక్క కుర్చీలోనే. ఆయన వయసు డెబ్భై ఒకటి. బ్రిడ్జి మీద అడగడానికి ఇంకేం మిగల్లేదు గనక, ఇక ఆగే వీలూ లేదు.

జయలక్ష్మిగారు రెయిలింగు పక్కన నిలబడ్డ సెక్యూరిటీ గార్డు దగ్గరకి నేరుగా వెళ్లారు.

"బాబూ, కేబుల్ బ్రిడ్జికి దారెటు?"

అతను ఆవిడ కాళ్లకిందా చూశాడు, తీగలవైపూ చూశాడు. "అమ్మా, మీరు నిలబడ్డదే బ్రిడ్జి."

"అలాగా. ఎక్కడ మొదలై ఎక్కడిదాకా? కంగారేం లేదు నాయనా, నిదానంగా చెప్పు. ఏ ఊరు మీది?"

పట్టాభిరామయ్యగారు నెమ్మదిగా వచ్చి రెయిలింగుకి ఆనుకున్నారు. జేబురుమాలుతో మెడ తుడుచుకున్నారు. గార్డు తన ఊరి సంగతి మొదలుపెట్టాడు. ఆయన చాలాసేపు భార్యనే చూసి, చివరికి నావైపు తిరిగారు.

"చూశావా అమ్మాయ్," అన్నారు. "ఈవిడకి దారులు బొత్తిగా తెలీవు."