పెళ్లి మందు

మా ఆయన జగన్నాధం పోయాక పరామర్శకని ఆయన మేనత్త తవిటమ్మ వచ్చింది. మా వైపు పరామర్శంటే వీధి మొదట్లోనే ఏడుపు ఎత్తుకోవాలి, గుమ్మంలో మెడ మీద పడాలి, ఎవరో ఒకరు మంచినీళ్లు తెచ్చేదాకా ఆపకూడదు. అత్త ఆ పని బాగా చేస్తుంది. నా మీద పడింది, తర్వాత మా మరిది ధర్మారావు మీద పడబోయింది. నలభై దాటిన మనిషి, వెనక్కి జరిగి చెవులు మూసుకున్నాడు.

"మెల్లగా ఏడు అత్తా. సెవులు నొప్పెడతన్నాయి."

అత్త ఏడుపు అక్కడితో ఆగింది. వీడికి మనసన్నది లేదని ఆ పూటే తీర్పు చెప్పేసింది.

ధర్మారావు పొందూరులో మా కిరాణా కొట్టు చూసుకుంటాడు. చిన్నప్పటి నుంచీ అంతే. ఒకే రంగు చొక్కా, ఒకే కంచం. ఎవరైనా భుజం మీద చెయ్యేస్తే వేడినీళ్లు పడ్డట్టు ఉలిక్కిపడతాడు. ఊరు దానికి పొగరనీ, తిక్కనీ, దిష్టనీ పేర్లు పెట్టింది గానీ, మందు మాత్రం ఒకటే చెప్పింది. పెళ్లి. మా వాళ్లకి తాగుడుకైనా, బద్ధకానికైనా అదే మందు. ఆ మందుగా వెళ్లే ఆడపిల్ల సంగతి ఎవరూ అడగరు.

చావు జరిగిన ఇంట్లో ఏడాది తిరక్కుండా శుభం జరగాలని అత్త రాజాంలో సంబంధం చూసింది. ధర్మారావు నా దగ్గర వద్దన్నాడు. నేను అత్తతో అంటే, మొగుడు పోయినదాన్ని శుభకార్యంలో నోరు పెట్టకూడదంది. నేను లేనిదే అతను కారెక్కనన్నాడు కాబట్టి నన్నూ తీసుకెళ్లి, ఎవరి కంటా పడకుండా వరండా చివర కూర్చోబెట్టింది. ఏది అడిగినా అవుననమని అతనికి దారంతా నేర్పింది.

పిల్ల పేరు ఝాన్సీ, ఎదుగుదల వేరుగా ఉండే పిల్లల బడిలో టీచరు. వాళ్ల నాన్న పిల్ల నచ్చిందా అని ధర్మారావుని అడిగాడు. అవునన్నాడు. కాఫీ బాగుందా అంటే ముట్టుకోకుండానే అవునన్నాడు. ఝాన్సీకి అనుమానం వచ్చింది.

"మీకు పెళ్లి వద్దా?"

"అవును. అత్త అవుననే సెప్పమన్నాది. కానీ ఇది నిజం అవునే. అన్నయ్య పోయాడు. ఇంట్లో ఇంకో మార్పొస్తే నేను తట్టుకోలేను."

అత్త సిగ్గుపడుతున్నాడని నవ్వింది. ఇంకెవరూ నవ్వలేదు. ఝాన్సీ లేచి నా దగ్గరికి వచ్చి కూర్చుంది. "అక్కా, మా బడిలో ఇలాంటి పిల్లలున్నారు. ఆ పిల్లలూ పెద్దోళ్లవుతారు కదా. ఓసారి డాక్టరుకి సూపించండి."

విశాఖ తీసుకెళ్లాను. అది ఆటిజం అన్నారు, పుట్టుకతో వచ్చిన తీరే గానీ పిచ్చి కాదన్నారు. ఏ మార్పయినా ముందుగా చెప్పాలి, అడక్కుండా ముట్టుకోకూడదు, ఇంట్లో గోల తగ్గించాలి అన్నారు. అన్నయ్య గురించి అడిగితే, అన్నయ్య పోయిన దగ్గర్నుంచి ఆకలి తెలియట్లేదన్నాడు, కందిపప్పు ధర చెప్పినట్టు. అంతవరకూ ఆ మాట అతన్ని మాలో ఎవరూ అడగలేదు.

అత్త ఫోన్ చేసింది. "అది సిన్నపిల్లలకొచ్చేదంట కదే, మీసాలోడికి ఎలాగొస్తాది? బొబ్బిల్లో ఇంకో పిల్లుంది. మూగది. ఏటీ అడగదు."

"వొద్దత్తా. ఆడి నోటితో ఆడే వొద్దన్నాడు. ఇంక సంబంధాలు తేకు. నువ్వొచ్చినా ముందు ఫోన్ సేసి రా."

ఈ జన్మలో మా గుమ్మం తొక్కనని ఒట్టేసుకుంది. డాక్టరు చెప్పిన వాటిలో గోల తగ్గించడం అన్నిటికన్నా తేలిగ్గా జరిగిపోయింది.

ఇప్పుడు ఇద్దరం ఒకే వేళకి అన్నం తింటాం. మధ్యలో నాకు ఏడుపొస్తే ధర్మారావు ఊరుకోమనడు, లేచి వెళ్లడు. చెయ్యి కడుక్కోకుండా, నా ఏడుపు అయ్యేదాకా ఎదురుగా కూర్చునుంటాడు.