కట్టెకు గుచ్చిన ప్యాకెట్

మొన్న ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి బస్సులో వస్తుంటే, ఒక చేను గట్టున కట్టెకు గుచ్చిన ఖాళీ పత్తి విత్తనాల ప్యాకెట్ కనిపించింది. ఇంటికి రాగానే పెట్టె తెరిచి, అమ్మ సూదీదారం దాచుకున్న మా పాత ప్యాకెట్ తీశాను.

అది కొన్ననాడు నాకు ఎనిమిదేళ్లు. ఆదోని అంగట్లో నాయన అడిగాడు: "అన్నా, మాది వానను నమ్ముకున్న సేను. ఇది ఆడ పండుతాదా?"

"బొమ్మ సూడప్పా! బొమ్మ అబద్ధం సెప్తాదా?" అన్నాడు అంగడాయన. అతనైనా చదివాడో లేదో. మాకు అక్షరాలు రావు. తెల్లగా విచ్చిన కాయల బొమ్మనే చూశాం.

"పత్తి ఇంటికొస్తే నిన్ను బళ్లో ఏస్తా పాపా," అన్నాడు నాయన దారిలో.

విత్తినాక ప్యాకెట్‌ను గట్టున కట్టెకు గుచ్చాడు. చెట్లు చూసి నేర్చుకుంటాయని నేను రోజూ బొమ్మను వాటి వైపు తిప్పేదాన్ని.

"మీ పాప సెట్లకు పాఠం సెప్తాంది సూడప్పా," అని పక్క చేను పెద్దమ్మ నవ్వేది.

చెట్లు మోకాలెత్తు రాకుండానే ఎండిపోయాయి. ఆ ఏడు మిరపకాయలు కోయడానికి ముగ్గురమూ గుంటూరు వైపు సుగ్గికి, కూలి పనులకు వలస పోయాం. బడి మాట మళ్లీ రాలేదు.

యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. మొన్న ఆ బొమ్మ కింద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివాను: "నీటి వసతి ఉన్న పొలాలకు మాత్రమే."

"మన నేల మంచిది కాదు పాపా" అంటూనే నాయన పోయాడు. తప్పు నేలది కాదని ఇప్పుడు ఎవరికి చదివి వినిపించను?